చైత్రపు గాలివానకు నాలుగు రోజుల ముందు మాట కావాలి

హైదరాబాద్, అమరావతి వాతావరణ కేంద్రాల అధిపతులకు బహిరంగ లేఖ



మార్చి నెలాఖరుకు వచ్చాం. నిజామాబాద్ వైపు పసుపు ఉడకబెట్టి ఆరబోశారు. ఖమ్మం, మహబూబాబాద్, గుంటూరు, పల్నాడు జిల్లాల్లో మిర్చి కల్లాల్లో ఉంది. జగిత్యాల, కొల్లాపూర్, నూజివీడు తోటల్లో మామిడి పిందె దాటి కాయ అవుతోంది. తెలంగాణలో యాసంగి వరి, గోదావరి డెల్టాలో దాళ్వా వరి గింజ గట్టిపడుతున్నాయి. ఈ వారం మొదలుకొని మే మొదటి వారం దాకా రెండు రాష్ట్రాల రైతుల ఏడాది సంపాదన ఆరుబయటే ఉంటుంది. వచ్చే వారం వాన ఉందా, ఉంటే ఏ రోజు, ఏ దిక్కున? ఈ ప్రశ్న మీద చాలా ఇళ్ళల్లో అప్పులు, పెళ్ళిళ్ళు, పిల్లల ఫీజులు ఆగి ఉన్నాయి. జవాబు చెప్పగలిగింది మీరు కాబట్టే మీకు రాస్తున్నాను.

ముందుగా మీ శాఖకు దక్కాల్సిన గౌరవం గురించి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సుమారు పదివేల మంది పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీదికి వచ్చింది. ఎక్కడ తీరం దాటుతుందో, ఏ రోజు దాటుతుందో మీరు ముందే చెప్పారు, అధికారులు తీరం వెంట ఊళ్ళు ఖాళీ చేయించారు. నగరంలో చెట్టు అన్నది నిలబడలేదు, కరెంటు స్తంభాలు వరుసగా పడిపోయాయి, అయినా ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. ఈ ముప్ఫై ఏడేళ్ళలో ఉపగ్రహాలు, రాడార్లు వచ్చిన మాట నిజమే. వాటితోపాటు మీ బులెటిన్ వెలువడిన గంటలో కలెక్టరు, తహసీల్దారు, గ్రామ కార్యదర్శి, చివరికి మత్స్యకారుల పల్లెలో మైకు పట్టుకున్న మనిషి దాకా ఎవరేం చెయ్యాలో ముందే రాసిపెట్టి ఉంది. తుపాను హెచ్చరిక అందుకే పనిచేస్తుంది. చైత్ర వైశాఖాల గాలివానకు అలాంటి ఏర్పాటేదీ లేదు. ఈ లేఖలో నేను అడిగేదంతా ఆ ఏర్పాటు గురించే.

అరగంట వాన ఏం చేస్తుందో మీకు చెప్పనక్కర్లేదు, మీ రికార్డుల్లోనే ఉంటుంది. 2023 మార్చి మూడోవారంలో రెండు రాష్ట్రాల్లోనూ వరసగా గాలివానలు పడ్డాయి. వికారాబాద్ జిల్లా మర్పల్లి చుట్టుపక్కల రాళ్ళవానకు నేల తెల్లగా కప్పుకుపోయింది. ఒక్క తెలంగాణలోనే రెండు లక్షల ఎకరాలకు పైగా పంట పోయింది. అప్పటి ముఖ్యమంత్రి మార్చి 23న ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కరీంనగర్ జిల్లాలు తిరిగి ఎకరాకు పదివేల రూపాయల సాయం ప్రకటించారు. కౌలు రైతు కౌలుకీ ఆ డబ్బు చాలదు. మళ్ళీ ఏప్రిల్ చివర్లో అదే కథ. ఈసారి దెబ్బతిన్నది కోతకొచ్చిన వరి, కొనుగోలు కేంద్రాల ముందు కుప్పపోసిన ధాన్యం.

ఈ వానలు చెప్పకుండా వస్తాయన్న మాట అందరి నోటా వింటాం. పూర్తిగా నిజం కాదు. మీరు రోజూ రాసే ద్రోణి సంగతినే సామాన్య పాఠకుడికి అర్థమయ్యేలా ఇక్కడ చెబుతాను. మార్చి వచ్చేసరికి దక్కన్ నేల బాగా కాగుతుంది. వాయవ్యం నుంచి పొడిగాలి దిగుతుంది. బంగాళాఖాతం మీద నిలిచే అధిక పీడనం చుట్టూ తిరిగిన తేమగాలి ఆగ్నేయం నుంచి లోపలికి వస్తుంది. ఈ రెండు గాలులూ ఎదురుపడే గీత, అంటే మీ ద్రోణి, విదర్భ దగ్గర మొదలై తెలంగాణ, కర్ణాటకల మీదుగా తమిళనాడు దాకా, సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున సాగుతుంది. ఒకరోజు పడమరకు జరుగుతుంది, ఇంకోరోజు తూర్పుకు. దాని తూర్పు పక్కన తేమ చాలినంత చేరి, పై అంతస్తుల్లో గాలి చల్లబడి ఉంటే, మధ్యాహ్నం ఎండకు పైకి లేచిన గాలి రెండు గంటల్లో 12, 15 కిలోమీటర్ల ఎత్తు మేఘంగా ఎదుగుతుంది. లోపలి గాలి నీటిబొట్టును గడ్డకట్టే ఎత్తుకు పదేపదే విసిరితే అది వడగల్లవుతుంది. మేఘం కూలేటప్పుడు కిందికి దిగిన చల్లగాలి నలుదిక్కులా పరుచుకుంటుంది. అరటితోటలను పడగొట్టే ఈదురుగాలి అదే.

ఇందులో ముందే తెలిసేది చాలా ఉంది. గీత ఏ రోజున ఏర్పడుతుంది, తెలంగాణ మీద ఉంటుందా రాయలసీమ మీదికి జరుగుతుందా, తేమ ఎంత, పైన చలి ఎంత అన్నవి మూడు నుంచి అయిదు రోజుల ముందే మీ నమూనాల్లో కనబడతాయి. ఏ ఊరి మీద పడుతుందన్నది మాత్రం మేఘం లేచాకే తెలుస్తుంది. అప్పుడు హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నం, శ్రీహరికోట రాడార్లు రెండు మూడు గంటల వ్యవధి ఇస్తాయి. అంటే రైతుకు చేరాల్సిన కబుర్లు రెండు. ఒకటి నాలుగు రోజుల ముందు వచ్చేది, ఒకటి రెండు గంటల ముందు వచ్చేది. వాటితో చేసే పనులు వేరు. నాలుగు రోజుల వ్యవధి ఉంటే హార్వెస్టరును ముందుకు జరిపించుకోవచ్చు, పండిన మడి కోయించుకోవచ్చు, పండనిది ఆపుకోవచ్చు, పరదాలు అద్దెకు తెచ్చుకోవచ్చు. రెండు గంటల వ్యవధిలో కల్లంలో మిర్చిని కుప్ప చేసి కప్పడం, గొర్రెలను చెట్టు కింద నుంచి తోలుకురావడం, ట్రాక్టరు వదిలి ఇంట్లోకి రావడం మాత్రమే కుదురుతుంది. ఇప్పుడు మా చేతికి వస్తున్నది ఎక్కువగా ఈ రెండోదే. అదీ వాట్సాప్‌లో ఎవరో పంపితే.

నాలుగు రోజుల ముందు మీరు ఇస్తున్నది ఒక రంగు. జిల్లా పటం మీద పసుపు, దాని పక్కన ‘ఒకటి రెండు చోట్ల ఉరుములు మెరుపులతో కూడిన వర్షం’. జిల్లా మొత్తానికీ ఒకే రంగు, వరసగా అయిదారు రోజులు అదే రంగు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక కొసనుంచి ఇంకో కొసకు వెళ్ళాలంటే బస్సులో ఒక పూట పడుతుంది. ఏప్రిల్లో సగం రోజులు పసుపు చూసిన కళ్ళకు ఆ రంగు ఇంక కనబడదు. నిజంగా ముంచుకొచ్చే రోజు కూడా పటం అలాగే ఉంటుంది.

రైతుకు రంగు ఎందుకు చాలదో వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా మొత్తం విన్నపానికి మూలం ఇదే. గుంటూరు దగ్గర ఒక మిర్చి రైతును తీసుకోండి. వాన అవకాశం పదిలో మూడు వంతులే ఉన్నా ఆయన కల్లం కప్పుకోవడమే లాభం. కప్పితే పోయేది ఒక పూట కూలి, ఒకరోజు ఎండ. కప్పకపోతే తడిసిన కాయ రంగు పోయి తాలవుతుంది, యార్డులో ధర సగానికి పడుతుంది. అదే పూట నూజివీడులో మామిడి రైతు పదిలో మూడు వంతుల మాట విని కాయ దింపేశాడనుకోండి, ముదరని కాయకు ధర లేక వానకంటే పెద్ద దెబ్బ తింటాడు. ఆయన కదలాలంటే పదిలో ఏడు, ఎనిమిది వంతులైనా ఉండాలి. పులివెందుల అరటి రైతుకు వాన లెక్క అవసరమే లేదు, గాలి గంటకు 40 కిలోమీటర్లా 60 కిలోమీటర్లా అన్నదే కావాలి, గెల బరువుతో ఉన్న చెట్టుకు పోటు పెట్టడానికి రెండు రోజుల పని ఉంటుంది. ఒకే వారం, ఒకే ఆకాశం, మూడు వేర్వేరు నిర్ణయాలు. ఈ ముగ్గురికీ పసుపు రంగు ఇచ్చే సమాధానం ఒక్కటే. అదే అంకె ఇస్తే ఎవరి లెక్క వాళ్ళు వేసుకుంటారు. వడ్డీ, కౌలు, తూకం, తేమ శాతం నోటితో లెక్కకట్టే మనిషికి పదిలో ఎన్ని వంతులో చెబితే అర్థం కాదనుకోవడం పొరపాటు.

అయితే ఆ వారపు మాట ఎలా ఉండాలి? నాకు తోచినట్టు ఒక మచ్చు రాస్తున్నాను. ఇది ఊహించి రాసింది, ఏ వారానికీ అసలు సూచన కాదు.

‘శుక్ర, శని వారాల్లో రెండు రాష్ట్రాల్లోనూ పొడిగా ఉంటుంది. పగటి ఎండ మామూలు కంటే రెండు డిగ్రీలు ఎక్కువ. మిర్చి, పసుపు ఆరబెట్టుకోవచ్చు. ఆదివారం మధ్యాహ్నం నుంచి తేమగాలి పెరుగుతుంది. సోమ, మంగళ వారాల్లో మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిది గంటల మధ్య ఉత్తర తెలంగాణలో గాలివానకు పదిలో ఆరు వంతులు, వడగళ్ళకు పదిలో రెండు వంతులు అవకాశం ఉంది. గాలి 50, 60 కిలోమీటర్ల దాకా వీయవచ్చు. ఖమ్మం, ఎన్టీఆర్, పల్నాడు జిల్లాల్లో పదిలో మూడు వంతులు. రాయలసీమలో తక్కువ. కోసిన వరిని ఆదివారం సాయంత్రానికి పొలంలోంచి తీయండి. బుధవారం నుంచి మళ్ళీ పొడి వాతావరణం. సోమవారం సంగతి శనివారం సాయంత్రం ఇంకోసారి సరిచూసి చెబుతాం.’

పదకొండు వాక్యాలే. ద్రోణి ఎక్కడినుంచి ఎక్కడికో, ఎంత ఎత్తులోనో ఇందులో లేదు, ఆ వివరం కావలసిన వారికి కింద ఇవ్వవచ్చు. ఆరబెట్టుకోవడానికి ఏ రోజులు మంచివో చెప్పడం కూడా హెచ్చరికంత ముఖ్యమని నా అభిప్రాయం. వాన రాని రోజులను నమ్మకంగా చెప్పగలిగితే కల్లం మీద పని సగం తేలికవుతుంది.

ఎండ గురించి కూడా ఒక మాట. మైదానాల్లో 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు అంటున్నారు. తీరంలో 37 డిగ్రీలకే ఆ లెక్క మొదలవుతుంది. 2015 మే నెలలో ఈ రెండు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు పోయారు, అందులో ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్ళు. ఆ తర్వాత మండలాల వారీగా వడగాడ్పుల జాబితాలు విడుదల చేయడం మొదలైంది, మేలు జరుగుతోంది. రెంటచింతల, రామగుండంలో పగలు ఎంత ఎక్కుతుందో అందరూ చెబుతారు. రాత్రి ఎంతకు దిగుతుందన్నదీ వారపు సూచనలో ఉండాలి. రేకుల ఇంట్లో పడుకునే మనిషికి రాత్రి 30 డిగ్రీలకు దిగకపోతే మర్నాడు ఉపాధి పనికి వెళ్ళే సత్తువ ఉండదు.

గాలివాన అనగానే పంటలే తలుస్తాం గానీ, దెబ్బతినేవాళ్ళు ఇంకా ఉన్నారు. చినగంజాం, నౌపడ ఉప్పు మడుల్లో ఒక్క జల్లు పడితే రెండు వారాల ఉప్పు మళ్ళీ నీరవుతుంది. ఇటుక బట్టీల దగ్గర ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు వెయ్యి ఇటుకలకింత అని కూలి తీసుకుంటాయి, కాల్చని ఇటుక తడిస్తే వాళ్ళ రెక్కల కష్టం మట్టిలో కలుస్తుంది. 2024 మే 7 సాయంత్రం వానకు హైదరాబాద్ బాచుపల్లిలో గోడ కూలి వలస కూలీల కుటుంబాలకు చెందిన ఏడుగురు చనిపోయారు. ఇక పిడుగులు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా పిడుగుపాటుకు పోతున్నారు. పిడుగుల గురించి హెచ్చరించడానికి పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ తెచ్చిన దామిని యాప్ మంచిదే. గొర్రెల కాపరి చేతిలో ఉండేది మాత్రం మీటల ఫోను. యాప్ లేకున్నా టవరు పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి చప్పుడుతో సందేశం పంపే సెల్ బ్రాడ్‌కాస్ట్‌ను 2023లో దేశమంతటా పరీక్షించారు. పిడుగుల మేఘం లేచినప్పుడు ఆ చుట్టుపక్కల టవర్ల నుంచి, తెలుగులో, అక్షరాలతోపాటు గొంతుతోనూ ఆ హెచ్చరిక వెళ్ళేలా చూడండి. చదువురాని కాపరికి గొంతే దారి.

మీ చేతిలో ఇప్పుడు సాధనాలు లేవనలేం. 2024 అక్టోబరు 24న పంచాయతీ స్థాయి సూచనలు మొదలయ్యాయి. 2025 మే నెలలో ఆరు కిలోమీటర్ల గడులతో లెక్కకట్టే భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ వచ్చింది. అంతకుముందు ఆ గడి పన్నెండు కిలోమీటర్లు. తెలంగాణలో ప్రణాళికా విభాగం వేయికి పైగా స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు నడుపుతోంది. ఇంత ఉండి కూడా పంచాయతీ సూచన ఉందన్న సంగతి తెలిసిన సర్పంచులు నాకు తారసపడింది తక్కువ. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆరు కిలోమీటర్ల గడి వచ్చింది కదా అని అయిదు రోజుల ముందే ఊరి పేరు పెట్టి వడగళ్ళు చెప్పబోవద్దు. ఎండ, తేమ, గాలి ఊరివారీగా చెప్పండి, గాలివాన మాత్రం నాలుగైదు జిల్లాల కలయికగా, అవకాశం అంకెతో చెప్పండి. ఒకసారి ఊరి పేరు చెప్పి తప్పితే ఆ ఊళ్ళో మళ్ళీ మీ మాట వినేవాళ్ళుండరు.

నమ్మకం గురించి నా రెండో పెద్ద విన్నపం. ప్రతి గురువారం మీ శాఖ రాబోయే రెండు వారాల సూచన ఇస్తుంది. అదే రోజున, దానికి ముందు, గడిచిన వారానికి ఏం చెప్పారో, ఏం జరిగిందో జిల్లాలవారీగా తెలుగులో ప్రచురించండి. పదిలో ఆరు వంతులన్న జిల్లాల్లో ఎన్నిట్లో వాన పడింది, చెప్పని చోట ఎక్కడ పడింది, వడగళ్ళ మాట ఎంతవరకు నిలిచింది. సూచనల సరిచూపు మీ కార్యాలయాల్లో నిత్యం జరిగే పనే. దాన్ని బయట పెట్టమని కోరుతున్నాను. తప్పిన వారాలను దాచకుండా చూపే శాఖ మాటను రైతు తూచి వాడుకుంటాడు. ఉగాది నాడు గుడి దగ్గర పంచాంగం చదువుతుంటే ఊరు ఊరంతా శ్రద్ధగా వింటుంది, వాన ఎన్ని పాళ్ళు ఎక్కడ పడుతుందో వినాలన్న ఆశ మా జనంలో అంత బలంగా ఉంది. ఆ శ్రద్ధ మీ గురువారం మాటకూ దక్కాలంటే దాన్ని బిగ్గరగా, మనుషుల మధ్య చదవాలి. అందుకు చోట్లు ఉన్నాయి: తెలంగాణలో 2,601 రైతు వేదికలున్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా రైతు సేవా కేంద్రాలున్నాయి. ఆకాశవాణి రైతుల కార్యక్రమం ఇప్పటికీ పొలం గట్టు మీద మోగుతుంది.

చదవడానికి మనిషి కావాలి. కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లాకొక వ్యవసాయ వాతావరణ యూనిట్ పెట్టాలని 2018లో తలపెట్టి, దేశంలో 199 చోట్ల నెలకొల్పారు. మండలాల స్థాయిలో మంగళ, శుక్రవారాల్లో సలహాలు రాసిన నిపుణులు వాళ్ళు. 2024లో వాటిని ఆపేశారు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోని పాత యూనిట్లు మిగిలాయి, ఒక్కోటీ అనేక జిల్లాలు చూసుకోవాలి. రాడార్లు, లెక్కకట్టే కంప్యూటర్ల వంటి వాటి మీద మిషన్ మౌసమ్ కింద రెండు వేల కోట్లు ఖర్చుపెట్టే దేశం, ఆ లెక్కను మిర్చి కల్లానికి తగ్గట్టు విడమరిచి చెప్పే మనిషిని తీసేయడం తప్పు నిర్ణయం. మీరు ఢిల్లీకి రాసే ప్రతి లేఖలోనూ ఈ సంగతి ప్రస్తావించమని వేడుకుంటున్నాను.

మీ పరిధిలో లేనివి కొన్ని రెండు రాష్ట్ర ప్రభుత్వాలు చెయ్యాలి, వాళ్ళూ ఈ లేఖ చదువుతారన్న ఆశతో రాస్తున్నాను. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ధాన్యం తీసుకోరు. లారీ రాక, గోనె సంచులు అందక కుప్ప పది రోజులు అక్కడే పడి ఉంటే, వాన పడ్డాక ఆ తేమ రైతు తప్పిదం ఎలా అవుతుంది? గాలివాన అవకాశం పదిలో అయిదు వంతులు దాటిన వారాల్లో లారీలు, సంచులు ముందు ఆ జిల్లాలకే పంపాలి. ప్రతి కేంద్రంలో కుప్పలకు సరిపడా పరదాలు మార్చి నెలలోనే ఉండాలి, నష్టం జరిగాక టెండరు పిలవడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. వరంగల్ ఏనుమాముల, గుంటూరు యార్డుల్లో ఆ రోజుల్లో బయట బస్తాలు దించనివ్వకూడదు. తుపానుకు కలెక్టర్లు చేసేది ఇదే తరహా పని. అలవాటైన చేతులే.

రోహిణి కార్తె నాటికి ఈ పంటలన్నీ ఇంటికో అంగడికో చేరిపోతాయి, ఆ తర్వాత ఎంత మంచి బులెటిన్ వచ్చినా ఈ ఏడాది మిర్చికి, మామిడికి, యాసంగి వరికి అక్కరకు రాదు. కొత్త పథకం, కొత్త యంత్రం వచ్చేదాకా ఆగకండి. వచ్చే గురువారం మీరు ఇచ్చే సూచనలోనే అవకాశాన్ని అంకెలో రాయండి, ఆరబెట్టుకునే రోజులు చెప్పండి, గడిచిన వారం లెక్క పక్కన పెట్టండి.

ఇట్లు,
మీ సూచన కోసం ఎదురుచూసే ఒక రైతు బిడ్డ